ఇంటి ఈతకొలను, 5వ పాఠం: మబ్బు నీళ్లు, పాచి నీళ్లు తేరుకోవాలంటే

కొలనులో ఎన్ని నీళ్లు పడతాయో పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క చేశారు కదా? 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, ఒక పక్క 3, ఇంకో పక్క 5 అడుగుల లోతు. సగటు లోతు 4 అడుగులు, అంటే 800 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 22,640 లీటర్లు. ఈ పాఠంలో మన కొలనును 22,600 లీటర్లుగా తీసుకుందాం. మీ కొలను కొలత వేరుగా ఉంటే ప్రతి లెక్కనూ ఆ మేరకు తగ్గించుకోండి, లేదా పెంచుకోండి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. నేను ఈ విద్య నేర్చుకున్నది అక్కడే.

కడపలో మా కొలనుకు అది మొదటి ఎండాకాలం. పెళ్లికి వెళ్లి నాలుగు రోజుల తర్వాత వచ్చేసరికి నీళ్లు పచ్చగా తిరిగిపోయాయి, మెట్ల మీద కాలు జారుతోంది. వెంటనే మూడు కిలోల బ్లీచింగ్ పౌడర్ తెచ్చి చల్లేశాను. తెల్లారేసరికి పచ్చదనం పోయింది, నీళ్లు మాత్రం పలచటి మజ్జిగలా ఉన్నాయి. పాచి ఇంకా చావలేదేమోనని ఇంకో కిలో వేశాను. ఇంకా తెల్లబడ్డాయి. మా మామయ్య చిన్నప్పటి నుంచి నాపరాళ్ల గనుల్లో పనిచేసిన మనిషి. ఒక గాజు గ్లాసు నిండా ఆ నీళ్లు ముంచి కిటికీ మీద పెట్టారు. సాయంత్రానికి గ్లాసు అడుగున తెల్లటి పొర పేరుకుంది. పైనీళ్లు వంపేసి, ఆ పొర మీద రెండు చుక్కల యాసిడ్ వేస్తే బుసబుసా పొంగింది. "ఇది సున్నమమ్మా, పాచి కాదు. నాపరాయి మీద యాసిడ్ పడినా ఇట్లే పొంగుతాది. నువ్వు సున్నం మీద సున్నం పోస్తాండావు" అన్నారు.

అది నిజం. మామూలు బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ సుమారు మూడోవంతే ఉంటుంది, మిగతాదాంట్లో సున్నమే ఎక్కువ. దానికి తోడు మన బోరు నీళ్లు. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది నేల కింద సున్నపురాయి ఉండబట్టే. ఆ రాతి పొరల గుండా వచ్చే నీళ్లలో సున్నం కరిగే ఉంటుంది. పీహెచ్ (నీళ్లు పులుపు వైపు ఉన్నాయో, క్షారం వైపు ఉన్నాయో చెప్పే అంకె) పెరిగితే, నీళ్లు బాగా వేడెక్కితే ఆ కరిగిన సున్నమే తెల్లటి నలకలుగా బయటికి వస్తుంది. అందుకే ఏ మందూ వేయకముందు గ్లాసు పెట్టి చూడమంటాను. ఈ పాఠంలో ఇంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి లేదు.

రెండు గాజు గ్లాసుల్లో కొలను నీళ్లు పట్టి వెలుతురులో పెట్టండి. ఒకదాంట్లో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలపండి. కాసేపటికి ఆ గ్లాసు మాత్రం తేటగా మారితే మీ సమస్య సున్నం. రెండూ ఒకేలా మసకగా, కాస్త పచ్చగా ఉంటే పాచి. రెండో గ్లాసులో రాత్రికి ఎర్రటి మట్టి దిగితే అది గాలివాన తెచ్చిన దుమ్ము, ఫిల్టర్ తిరిగితే చాలు, మందుతో పనిలేదు. ఉగాది రోజుల్లో వేపపూత రాలి, పైన తేలే చెత్తను పట్టే స్కిమ్మర్ బుట్ట నిండిపోయినా నీళ్లు మసకబారతాయి. ముందు ఆ బుట్ట తీసి చూడండి.

సున్నం అని తేలితే పీహెచ్ దించాలి. నీళ్లు పరీక్షించే కిట్‌లో 7.8 దాటి ఉంటే బకెట్ నిండా నీళ్లు పోసుకొని, అందులో 30 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ పావు లీటరు కలపండి. నీళ్లలో యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పంపు తిరుగుతుండగా లోతు వైపు నెమ్మదిగా వంపండి. గట్టు మీద పరిచింది కడప రాయి అయితే దాని మీద చుక్క కూడా పడనీయకండి, నునుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. నాలుగు గంటలాగి మళ్లీ కొలవండి, అవసరమైతే ఇంకో పావు లీటరు. 7.2కూ 7.5కూ మధ్య ఆపేయండి. తొందరపడి ఒకేసారి లీటరు పోసిన వాళ్ల కొలనులో ఇనుప మెట్లు తుప్పు పట్టడం చూశాను.

ఇక పాచి. దీన్ని చంపడానికి కూడా ముందు పీహెచ్ సరిచేయాలి. స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే మందు) లేని నీళ్లలో పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సుమారు సగం గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8కి పోతే పావు వంతే. పైగా క్లోరిన్ మోతాదు ఎక్కువయ్యాక కిట్‌లోని పీహెచ్ రంగు నమ్మదగింది కాదు. అందుకే ఈ పని మొదటే అయిపోవాలి.

తర్వాత గోడలు, మెట్లు, మూలలు బ్రష్షుతో రుద్దండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. పాచి పైన జిగురు పొర ఉంటుంది, ఆ పొర చెదిరితేనే క్లోరిన్ లోపలికి పోతుంది. నిచ్చెన వెనక, లైటు చుట్టూ కూడా రుద్దండి. నేను పాత టూత్‌బ్రష్ ఒకటి ఇందుకే ఉంచుకున్నాను.

పొద్దుగూకిన తర్వాతే క్లోరిన్ వేయండి. స్టెబిలైజర్ లేకపోతే మిట్టమధ్యాహ్నం ఎండలో గంట తిరక్కుండానే అది సగానికి పడిపోతుంది. మోతాదు 10 పీపీఎం. ఒక పీపీఎం అంటే వెయ్యి లీటర్లకు ఒక గ్రాము, కాబట్టి మన కొలనుకు 226 గ్రాముల క్లోరిన్ కావాలి. 65 శాతం గుళికలైతే 350 గ్రాములు, 10 శాతం లిక్విడ్ అయితే రెండుంబావు లీటర్లు. మన సున్నపు నీళ్లకు లిక్విడే మంచిదని నా అభిప్రాయం, అది కొత్తగా సున్నం కలపదు. కానీ కడప ఎండకు క్యాన్‌లో దాని బలం తొందరగా తగ్గుతుంది. నీడలో పెట్టుకోండి, ఎండాకాలానికంతా ఒకేసారి కొనకండి.

ఇక్కడ దయచేసి నిలిచి చదవండి. యాసిడ్, క్లోరిన్ ఒకే బకెట్‌లో ఎప్పుడూ కలపకండి, విషవాయువు లేస్తుంది. స్టెబిలైజర్ కలిసిన క్లోరిన్ టాబ్లెట్లు పెట్టే తేలే డబ్బాలో ఈ గుళికలు వేయకండి, ఆ రెండు రకాల క్లోరిన్‌లు కలిస్తే మంటలు లేవొచ్చు, పేలొచ్చు. దేనికి దాని చెంచా, దాని బకెట్ వేరుగా ఉండాలి. మందులు పిల్లల చేతికి అందని చోట తాళం వేసి పెట్టండి.

పంపు రాత్రీ పగలూ ఆపకండి. పాచి చచ్చిందో లేదో కంటితో కాదు, కిట్‌తో తెలుసుకోవాలి. చీకటి పడ్డాక క్లోరిన్ కొలవండి, తెల్లవారి ఎండ తగలకముందు మళ్లీ కొలవండి. రాత్రి ఎండ లేదు కాబట్టి తగ్గిన క్లోరిన్‌ను పాచో, మురికో తిన్నట్టే. తేడా ఒక పీపీఎం దాటితే సాయంత్రం మళ్లీ మోతాదు వేయాలి. దాటకపోతే పని అయినట్టే. ఇంట్లో వాడే కిట్లు ఇంత ఎక్కువ మోతాదును చూపించలేవు. ఒక వంతు కొలను నీళ్లకు మూడు వంతుల ఆర్వో నీళ్లు కలిపి కొలిచి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి.

చచ్చిన పాచి బూడిద రంగులోకి తిరుగుతుంది. అప్పుడు నీళ్లు ముందుకంటే అన్యాయంగా కనిపిస్తాయి, కంగారు పడకండి. దాన్ని పట్టేది ఫిల్టర్. గేజ్ మీద మామూలు ప్రెషర్ కంటే 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లను ఫిల్టర్‌లో ఎదురు తిప్పి మురికిని బయటికి వదలండి. మొదటి రోజు రెండు మూడుసార్లు చేయాల్సి రావచ్చు. ఆ నీళ్లు నేరుగా చెట్లకు వదలకండి.

మూడు నాలుగు రోజులైనా మసక వదలకపోతే పటిక. మన పెద్దవాళ్లు వరద నీళ్లకు చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు, పని అదే. మన కొలనుకు అర కిలో పటిక వేడినీళ్లలో కరిగించి, వాల్వ్‌ను రీసర్క్యులేట్‌లో (నీళ్లు ఫిల్టర్‌లోకి పోకుండా తిరిగేలా) పెట్టి కొలనంతా పోయండి. గంట తిప్పి పంపు ఆపేయండి. తెల్లారేసరికి అడుగున దూదిలాంటి పొర దిగుతుంది. వాల్వ్‌ను వేస్ట్‌కు (నీళ్లు నేరుగా బయటికి పోయేలా) తిప్పి, దుప్పటి మీద దుమ్ము లేవకుండా ఊడ్చినంత మెల్లగా వ్యాక్యూమ్ తీయండి. ఈ పొరను ఫిల్టర్‌లోకి పంపితే ఇసుక గడ్డకడుతుంది. నీళ్ల మట్టం తగ్గుతుంది, బోరు వేసి నింపుకొని పీహెచ్ మళ్లీ చూడండి.

పాచికి మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమని ఎవరైనా చెబితే వినకండి. రైతులకు అది పంట మీద పనికొస్తుంది. మన పీహెచ్‌కు కొలనులో గోడల మీద మరకలు పడతాయి, జుట్టుకు పచ్చరంగు పట్టొచ్చు.

పిల్లల్ని ఎప్పుడు దించాలి? లోతు వైపు అడుగున రూపాయి బిళ్ల వేయండి. గట్టు మీద నిలబడితే అది బొమ్మో బొరుసో తెలియాలి, క్లోరిన్ 3 పీపీఎంకు దిగాలి. రెండూ అయ్యేవరకు ఎంత ఏడ్చినా దించకండి. మసక నీళ్లలో మునిగిన పిల్ల గట్టు మీది వాళ్లకు కనపడదు.

ఈ వారం అభ్యాసం: నీళ్లు బాగున్నా సరే, ఏడు రోజులపాటు రాత్రి, తెల్లవారుజామున క్లోరిన్ కొలిచి ఒక నోట్‌బుక్‌లో రాయండి, పక్కనే పీహెచ్ కూడా. టాబ్లెట్లు వాడేవాళ్లు ఎన్నాళ్లుగా వాడుతున్నారో, చివరిసారి నీళ్లు ఎప్పుడు మార్చారో పై పేజీలో రాసుకోండి. 6వ పాఠంలో స్టెబిలైజర్ లెక్కకు ఆ రెండు వివరాలూ కావాలి.