పిల్లల చేత కథ చదివించి అర్థం చేయించడం ఎలా?

ఐదో తరగతి పిల్ల ఒక పేజీ గడగడా చదివేస్తుంది. ఎక్కడా తడబడదు. "కథలో ఏం జరిగిందమ్మా?" అని అడిగితే మాత్రం నేలచూపులు చూస్తుంది. అక్షరాలు వచ్చాయి కానీ చదివింది బుర్రకి ఎక్కలేదు. ఇలాంటి పిల్లల్ని శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇరవై ఏళ్ళకు పైగా చూస్తున్నాను. తప్పు వాళ్ళది కాదు. మనం పాఠం చదివించి, కఠిన పదాలకు అర్థాలు బోర్డు మీద రాసి, ప్రశ్నలకు జవాబులు గైడులోంచి ఎక్కించి, చివర్లో నీతి చెప్పి పుస్తకం మూయించేస్తాం. ఇందులో పిల్ల సొంతంగా ఆలోచించాల్సిన చోటు ఒక్కటీ లేదు.

నేను చేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. మూడో తరగతి నుంచి ఆరో తరగతి దాకా పనికొస్తుంది. ఇంట్లో అమ్మానాన్నలు ఒక్క పిల్లతో కూడా చేయొచ్చు.

కావలసినవి

రెండు పేజీలు మించని కథ, ఇద్దరికి ఒక కాపీ, పెన్సిల్, ఒక నోటుబుక్కు. పెన్ను వద్దు. పెన్ను పట్టుకుంటే తప్పు రాస్తామన్న భయంతో పిల్లలు ఊహించడమే మానేస్తారు. ఎనిమిది మంది కంటే ఎక్కువ వద్దు. బెంచీలు కాదు, చాప మీద గుండ్రంగా కూర్చోవాలి. సాయంత్రం ఆటలయ్యాక, అన్నానికి ముందు పెట్టుకోండి. ఫోను ఆ గదిలో ఉండకూడదు, మీది కూడా.

కథ ఎంచుకోవడం

కథ మన చుట్టూ జరిగే సంగతై ఉండాలి. రాజులు, రాక్షసులు, మాట్లాడే నక్కల కథలు పడుకునేటప్పుడు చెప్పండి, చాలా మంచివి. ఈ పనికి మాత్రం కుదరవు. తెలియని మాట ఎదురైనప్పుడు పిల్ల దాని చుట్టూ ఉన్న సంగతిని పట్టుకుని అర్థం ఊహించాలి. ఆ సంగతి తనకు తెలిసిందైతేనే ఊహకి పట్టు దొరుకుతుంది. రాజుగారి కొలువులో ఏం జరుగుతుందో పిల్లకి తెలియదు కాబట్టి ఏం ఊహించినా సరే అనిపిస్తుంది. అదే పలాస వైపు పిల్లకి జీడిపిక్కలు వలిచే కథ ఇవ్వండి. జీడి అంటితే చెయ్యి ఎలా పొక్కుతుందో ఆ పిల్లకి తెలుసు. "ఆమె చేతులు చూసుకుని చీరకొంగులో దాచుకుంది" అన్న వాక్యం మీరు విప్పి చెప్పక్కర్లేదు.

చదివేటప్పుడు తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవమనండి. ఒక్క పేజీలోనే ఐదు వేళ్ళూ ముడుచుకుంటే ఆ కథ ఇప్పుడే వద్దు. ఒక్క వేలూ ముడవకపోతే అదీ వద్దు.

కథలు ఎక్కడ దొరుకుతాయని అడుగుతుంటారు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం మన శ్రీకాకుళంలోనే ఉంది, తెలుగు కథల కోసమే నడిచే గ్రంథాలయం. ఇంటర్నెట్లో కూడా చాలా కథలు స్కాన్ చేసి పెట్టారు. అక్కడ ఉన్నవి ఎక్కువగా పెద్దల కథలు కాబట్టి ముందు మీరు చదివి, పిల్లలకు తగిన ఒక్క సన్నివేశం తీసుకోండి. అదీ కుదరకపోతే మీరే ఒక పేజీ రాయండి. నేను వాడేవి చాలావరకు అలా రాసుకున్నవే.

మొదటిసారి చదవడం

మీరే పైకి చదవండి, ఎక్కడా ఆపకుండా. పిల్లలు వేలితో వరుస పట్టుకుని చూస్తారు. తర్వాత జంటలుగా వాళ్ళు ఒకసారి చదువుకుంటారు. ఈలోగా ఏ ప్రశ్నా వేయకండి.

రెండోసారి చదవడం: ఎక్కడ ఆగాలి, ఏం అడగాలి

అందరూ పాడుచేసేది ఇక్కడే. నిదానంగా చదవండి.

ముందురోజే కథలో రెండు చోట్ల పెన్సిలుతో గీత పెట్టుకోండి. రచయిత ఏదో చెప్పకుండా వదిలేసిన చోట్లు అవి. మనిషి ఏదో చేస్తాడు, ఎందుకు చేశాడో కథలో రాసి ఉండదు. అక్కడే ఆగాలి. నేను రాసుకున్న ఒక కథలో ఇలా ఉంటుంది. తండ్రి చేపల పనికి గుజరాత్‌లోని వేరావల్ వెళ్తున్నాడు, ఆమదాలవలస స్టేషనులో రైలెక్కాలి.

"ఆటో వచ్చే వేళయింది. నాన్న జేబులోంచి టికెట్ తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు. 'వేసవికి వచ్చేస్తాను కదా' అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. మడతపెట్టి సంచిలో సర్దిన చొక్కా బయటికి తీసి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది."

ఇక్కడ ఆగి చాలామంది ఏమడుగుతారంటే, "అమ్మకి బాధగా ఉందా పిల్లలూ?" ఎనిమిది మందీ ఒకే గొంతుతో "ఉందండీ" అంటారు. అంతటితో ఆ కథ చచ్చిపోయింది. జవాబు మీరే ప్రశ్నలో పెట్టి ఇచ్చారు. "అమ్మకి ఏమనిపించింది?" అని అడిగినా లాభం లేదు. ప్రతి కథకీ "బాధ" అన్న ఒక్క మాటతో పని కానిచ్చేస్తారు. మనసు గురించి అడగకండి, చేతులు చేసిన పని గురించి అడగండి: "సర్దేసిన చొక్కా మళ్ళీ ఎందుకు తీసి ఉంటుంది?"

అడిగాక నోరు మూసుకోండి. ఇది వినడానికి చిన్న మాటే కానీ చేయడం చాలా కష్టం. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, కనీసం 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, మెరుగ్గా వస్తున్నాయని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే చూపించారు. నేను మనసులో పది అంకెలు లెక్కపెడతాను. ఆరు దగ్గరికి వచ్చేసరికి గొంతులో మాట కొట్టుకుంటుంది, ఏదో ఒకటి అందించేయాలనిపిస్తుంది. అందించకండి.

ఆ కథకి ఒకసారి ఏం జరిగిందో చెబుతాను. ముందు ఒక అబ్బాయి, "మడత చెదిరిపోయిందేమో మేస్టారూ" అన్నాడు. తప్పు అనలేదు నేను. "అయ్యుండొచ్చు. చెదిరిందని కథలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించు" అన్నాను. వెతికాడు, దొరకలేదు, తనే తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ అందరూ ఊరుకున్నారు. నేను లెక్కపెట్టుకుంటున్నాను. చాప చివర కూర్చున్న పిల్ల, ఎప్పుడూ నోరు విప్పనిది, మెల్లగా అంది: "సంచి కట్టేస్తే ఎల్లిపోతాడు కదండీ."

ఆ వాక్యం కథలో ఎక్కడా లేదు. రాసిన నాకే అంత స్పష్టంగా తోచలేదు. "ఏ మాట చూసి అలా అనుకున్నావమ్మా?" అంటే, "అమ్మ ఏమీ అనలేదు" అన్న చోట వేలు పెట్టింది. చదివింది అర్థం కావడమంటే అదే. జవాబు చెప్పడం, దానికి కథలోంచి ఆధారం చూపించడం. ఆధారం చూపించగలిగితే రెండు వేరు వేరు జవాబులూ ఒప్పుకోండి. చూపించలేకపోతే ఎంత అందమైన జవాబైనా పక్కన పెట్టండి.

ఇంకో జాగ్రత్త. నిజజీవితం కథలు కాబట్టి కథలో జరిగింది ఆ చాప మీద ఎవరింట్లోనో జరుగుతూ ఉంటుంది. ఒకసారి ఇదే కథ దగ్గర ఒక అబ్బాయి వైపు తిరిగి, "మీ నాన్న కూడా అక్కడే కదా, నువ్వు చెప్పు" అనేశాను. వాడు తల వంచుకున్నాడు, వారం దాకా రాలేదు. ఎప్పుడూ అలా చేయకండి. పిల్ల తనంతట తాను తన ఇంటి సంగతి ఎత్తితే వినండి. మీరు మాత్రం కథలో మనుషుల గురించే అడగండి.

పిల్ల తన యాసలో చెబితే దిద్దకండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. మర్నాడే "ఎల్తన్నాడు కాదు, వెళ్తున్నాడు అనాలి" అని పిల్లని మధ్యలో ఆపేస్తాం. ఆపాక ఆ పిల్ల అనుకున్న మాట ఇక బయటికి రాదు. రాసేటప్పుడు దిద్దొచ్చు, ఆలోచించేటప్పుడు కాదు.

కొత్త మాటలు

కథకి మూడు మాటలు చాలు. అర్థం మీరు చెప్పకండి, నిఘంటువు కూడా అప్పుడే తీయకండి. ఉదాహరణకి: "ఫీజు డబ్బులు అడగాలని గుమ్మం దాకా వెళ్ళాడు. తటపటాయించాడు. కాసేపు గడప దగ్గరే నిలబడి వెనక్కి వచ్చేశాడు." తటపటాయించాడు అంటే ఏమిటని అడిగితే దాదాపు ప్రతిసారీ "భయపడ్డాడు" అనే చెబుతారు. ఆ మాట తీసి, దాని చోట "భయపడ్డాడు" పెట్టి చదవమనండి. సరిపోతుంది! చాలామంది ఇక్కడితో వదిలేస్తారు, పిల్లకి తప్పు అర్థం జీవితాంతం ఉండిపోతుంది.

ఒక్క వాక్యం చూసి మాట అర్థం తేల్చకూడదు. వెంటనే రెండోది ఇవ్వండి: "ఏ చొక్కా కొనాలో తేలక కొట్టు ముందు తటపటాయించాడు." ఇక్కడ భయం ఎక్కడుంది? పిల్లలు ఆలోచనలో పడతారు. "ఎటూ తేల్చుకోలేక..." అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. రెండు వాక్యాల్లోనూ ఆ అర్థం పెట్టి చూడమనండి, అతికితే అదే. నిఘంటువు ఆ తర్వాత తీయండి, సరిచూసుకోవడానికి.

గొణిగాడు, సణిగాడు, నసిగాడు లాంటివైతే అర్థం చెప్పించనే వద్దు, చేసి చూపించమనండి. అడిగినదానికి సూటిగా చెప్పకుండా నసిగేవాడు ఎలా ఉంటాడో ఎనిమిదేళ్ళ పిల్ల చేసి చూపించినంత బాగా ఏ నిఘంటువూ చెప్పదు.

కథలో వాగు అని ఉంటే "మన గెడ్డ లాంటిదా?" అని అడుగుతారు. రాగులు అని ఉంటే చోళ్ళా అంటారు. అవునని చెప్పి, రెండు మాటలూ పక్కపక్కన రాయించండి. ఇంటి మాట కొట్టేయించకండి.

నోటుబుక్కు

మాట, కథలో అది వచ్చిన వాక్యం, పిల్ల సొంత వాక్యం. అర్థం అన్న గడి ఉండకూడదు. ఆ గడి ఉంటే చూసి ఎక్కించేసుకుంటారు. సొంత వాక్యం కథలోదానికి నకలుగా ఉంటే, మనిషినీ చోటునీ మార్చి మళ్ళీ రాయమనండి.

మూడో రోజు పుస్తకం మూసి, మామూలు కబుర్లలో ఆ మాటలు మీరే వాడండి. పిల్లలు గుర్తుపట్టి నవ్వుతారు, తర్వాత వాళ్ళూ వాడతారు. ఒక పిల్ల ఇలా రాసింది: "సూది మందు గది ముందు చెల్లి తటపటాయించింది. నేను తటపటాయించలేదు. సూది నాకు కాదు కదా." ఇలాంటి వాక్యం వచ్చినప్పుడు ఆ మాట పక్కన టిక్కు పెట్టి, తర్వాతి కథ తీయండి.