రంగుల వెలుగుల మెకానికల్ గేమింగ్ కీబోర్డును సమీక్షించడం ఎలా

కొత్త మెకానికల్ గేమింగ్ కీబోర్డును పెట్టెలోంచి తీసి కంప్యూటర్‌కు తగిలించగానే మొదట మన చూపును లాక్కునేది దాని రంగుల వెలుగే. ఈ చివరి నుంచి ఆ చివరికి అలలా పారే ఆ రంగులు చూస్తున్నంతసేపూ కీబోర్డులో ఏ లోపమూ మన కంటికి ఆనదు. అందుకే సమీక్ష రాయదలచినవారికి నేను ముందుగా చెప్పే మాట ఇది: తొలి మూడు రోజులు లైట్లు పూర్తిగా ఆర్పేసి కీబోర్డును వాడండి. చేతికి సంబంధించిన తీర్పు ముందు తేలాలి, కంటికి సంబంధించిన తీర్పు ఆ తర్వాత విడిగా తేలాలి. ఈ రెండూ కలగాపులగమైతే, డబ్బు పెట్టి కొనబోయే మనిషికి ఆ సమీక్ష వల్ల ఒరిగేదేమీ ఉండదు.

ఇది నేను చేసిన పొరపాటు వల్ల నేర్చుకున్న సంగతి. నా తొలి సమీక్షల్లో ఒకదాన్ని పెట్టె విప్పిన మర్నాడే రాసేశాను. అందులో సగానికి పైగా లైటింగ్ గురించిన పొగడ్తే. మూడో వారానికి ఎడమవైపు అక్షరం కీ ఒకటి ఒక్కసారి నొక్కితే రెండు అక్షరాలు వేయడం మొదలుపెట్టింది. ప్రతి కీ కింద ఉండే స్విచ్ లోపలి లోహపు రేకులు కలుసుకున్నప్పుడు వెంటనే కుదురుకోకుండా కొన్ని క్షణాంశాల పాటు అదురుతాయి; ఆ అదురును వేరే నొక్కుడుగా లెక్కించకుండా ఉండేందుకు కీబోర్డును లోపలి నుంచి నడిపే ప్రోగ్రామ్, అంటే ఫర్మ్‌వేర్, కొద్దిసేపు ఆగి చూస్తుంది. ఆ ఆగే వ్యవధి మరీ తక్కువైనా, రేకులు అరిగినా అక్షరాలు రెండేసి పడతాయి. దీన్ని చాటరింగ్ అంటారు. అప్పటికే నా మాట నమ్మి ఆ కీబోర్డు కొన్నవారికి నేను సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. కనీసం రెండు వారాలు రోజూ వాడనిదే తుది తీర్పు రాయకూడదని ఆనాటి నుంచి నియమం పెట్టుకున్నాను.

లైట్లు ఆర్పిన ఆ రోజుల్లో ముందు చూడవలసింది స్విచ్. పేరు, రకం చెప్పి వదిలేయకూడదు. లీనియర్ స్విచ్ ఏ అడ్డూ లేకుండా నేరుగా దిగుతుంది, టాక్టైల్ స్విచ్‌లో మధ్యలో చిన్న గట్టు తగులుతుంది, క్లిక్కీ స్విచ్‌లో ఆ గట్టుతో పాటు టిక్కుమనే శబ్దం కూడా వస్తుంది. చాలామంది పోల్చుకునేందుకు ఆధారంగా తీసుకునేది చెర్రీ సంస్థ చేసే ఎంఎక్స్ స్విచ్‌ల కొలతలనే. రెడ్ స్విచ్ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, 2 మిల్లీమీటర్ల దగ్గర అక్షరం నమోదవుతుంది, అందుకు 45 సెంటీన్యూటన్ల బలం సరిపోతుంది. బ్లూ స్విచ్‌కు 60 సెంటీన్యూటన్లు కావాలి, అక్షరం 2.2 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. స్పీడ్ సిల్వర్ 1.2 మిల్లీమీటర్లకే స్పందిస్తుంది కనుక ఆటలో చురుకుగా ఉంటుంది గాని, కీల మీద వేళ్లు ఆనించి టైపు చేసే అలవాటున్నవారికి అనుకోని అక్షరాలు పడుతుంటాయి. మీ చేతిలోని స్విచ్‌ను ఇలాంటి తెలిసిన స్విచ్‌తో పోల్చి చెబితే చదివేవారు దాని బరువును తమ వేళ్ల మీద ఊహించుకోగలుగుతారు.

తయారీదారు ఇచ్చిన అంకెను ఇంట్లోనే సరిచూడవచ్చు. ఒక సెంటీన్యూటన్ బలం దాదాపు ఒక గ్రాము బరువుకు సమానం. తెరమీద ఖాళీ పేజీ తెరిచి, ఒక అక్షరం కీ మీద నాణేలను ఒకదానిపై ఒకటి నెమ్మదిగా పేర్చండి. అక్షరం పడగానే ఆపి, ఆ నాణేలన్నిటినీ గ్రాముల వరకు చూపే చిన్న త్రాసులో తూచండి. కీబోర్డు వేర్వేరు భాగాల్లో అయిదు కీల మీద ఇలా చేసి, సగటుతో పాటు అన్నిటికంటే తక్కువ, ఎక్కువ వచ్చిన అంకెలను కూడా రాయండి. సగటు కంటే ఆ తేడాయే ఎక్కువ చెబుతుంది: ఒక కీ 42 గ్రాములకు, పక్క కీ 55 గ్రాములకు దిగుతుంటే స్ప్రింగుల నాణ్యత ఒకేలా లేదన్నమాట. టాక్టైల్ స్విచ్ విషయంలో మాత్రం మీకు దొరికేది గట్టు దాటడానికి పట్టిన బలమని గుర్తుంచుకోవాలి.

కీబోర్డు పనితనం అసలు బయటపడేది పెద్ద కీల దగ్గర. స్పేస్ బార్, ఎంటర్, బ్యాక్‌స్పేస్, షిఫ్ట్ కీల కింద రెండు చివరలనూ కలుపుతూ ఒక తీగ ఉంటుంది. దాన్ని పట్టుకునే అమరికను స్టెబిలైజర్ అంటారు. స్పేస్ బార్‌ను మధ్యలో ఒకసారి, ఎడమ కొసన ఒకసారి, కుడి కొసన ఒకసారి నొక్కి చెవి పెట్టి వినండి. బాగా అమర్చినదైతే మూడు చోట్లా ఒకే గంభీరమైన చప్పుడు వస్తుంది. లోపల గ్రీజు సరిగా పూయనిదైతే ఒక కొసన తీగ గలగలమంటుంది, మరో కొసన కీ పైకి లేచేటప్పుడు కొద్దిగా పట్టేసి వదులుతుంది. ఆ తర్వాత వేలిని కీ మీద ఆనించి పక్కలకు మెల్లగా కదిపి, ఊగుడు ఎంతుందో చూడండి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు, కానీ వాడినన్నాళ్లూ రోజుకు వేలసార్లు వినిపించే చప్పుడు ఇదే. దీని గురించి ఒక్క వాక్యమైనా లేని సమీక్షను నేను నమ్మను.

చప్పుడును రికార్డు చేసి వినిపించదలిస్తే ఫోన్‌ను ఎప్పుడూ ఒకే దూరంలో, ఒకే బల్ల మీద ఉంచండి. ఖాళీ బల్ల కీబోర్డు శబ్దాన్ని పెద్దది చేస్తుంది, కింద పరిచిన మెత్తని మ్యాట్ దాన్ని మింగేస్తుంది. మీరు ఏది వాడారో చెప్పాలి.

ఇక ఆటకు సంబంధించిన పరీక్షలు. ఒకేసారి ఎన్ని కీలు నొక్కినా అన్నీ నమోదు కావడాన్ని ఎన్-కీ రోలోవర్ అంటారు. యూఎస్‌బీ కీబోర్డులు కంప్యూటర్‌కు పంపే ప్రాథమిక నివేదికలో ఆరు మామూలు కీలకు, వాటికి తోడు షిఫ్ట్, కంట్రోల్ వంటి ఎనిమిది మాడిఫయర్ కీలకు మాత్రమే చోటుంటుంది. అంతకు మించి నమోదు కావాలంటే తయారీదారు వేరే ఏర్పాటు చేయాలి. కీలను నొక్కితే తెరమీద వెలిగించి చూపే పరీక్ష పేజీ ఒకటి తెరిచి, రెండు చేతుల వేళ్లూ ఆనించి చూస్తే సంగతి తేలిపోతుంది. ముఖ్యంగా డబ్ల్యూ, ఏ, షిఫ్ట్, స్పేస్ పట్టి ఉంచి, ఆటలో చేతికి దగ్గరగా ఉండే మిగతా కీలను ఒక్కొక్కటిగా నొక్కి చూడండి.

వేగం గురించి రాసేటప్పుడు ఎంతో జాగ్రత్త అవసరం. 1000 హెర్ట్జ్ పోలింగ్ అంటే కంప్యూటర్ ప్రతి 1 మిల్లీసెకనుకు ఒకసారి కీబోర్డును పలకరిస్తుంది. 8000 హెర్ట్జ్ అయితే 0.125 మిల్లీసెకనుకు ఒకసారి. మరోవైపు 144 హెర్ట్జ్ తెర మీద ఒక్కో దృశ్యం దాదాపు 7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ కెమెరాలో రెండు ఫ్రేముల మధ్య 4 మిల్లీసెకన్లకు పైగా దాటిపోతుంది కనుక, ఆ వీడియోతో 1 మిల్లీసెకను తేడాను పట్టుకోవడం సాధ్యం కాదు. కొలిచే సాధనం లేనప్పుడు "ఇది ఎక్కువ వేగంగా అనిపించింది" అని రాయడం కంటే, పోలింగ్ రేటు ఎంత పెట్టి ఏ ఆట ఎన్ని గంటలు ఆడారో, ఇబ్బంది ఏమైనా ఎదురైందో చెప్పడం మేలు.

లోహపు రేకులకు బదులు అయస్కాంతం, అది ఎంత దగ్గరికి వచ్చిందో పసిగట్టే హాల్ సెన్సర్ ఉన్న కీబోర్డు అయితే అక్షరం ఏ లోతులో పడాలో మనమే నిర్ణయించుకోవచ్చు. ఆ లోతును మార్చి మార్చి వాడి, ఏది మీకు నప్పిందో రాయండి. ఎదురెదురు దిశల కీలు రెండూ నొక్కి ఉన్నప్పుడు చివర నొక్కినదాన్నే తీసుకునే సదుపాయం కూడా వీటిలో కొన్నిటికి ఉంటుంది. 2024 ఆగస్టులో వాల్వ్ సంస్థ తన కౌంటర్-స్ట్రైక్ 2 ఆట అధికారిక సర్వర్లలో ఇలాంటి స్వయంచాలక సహాయాన్ని నిషేధించింది కనుక, ఆ సదుపాయాన్ని మెచ్చుకునే వాక్యం పక్కనే ఈ విషయాన్ని కూడా చెప్పాలి.

ఇప్పుడు లైట్లు వేయండి. రంగులను కోరుకొని కొనేవారిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. రోజంతా ఎదుట ఉండే వస్తువు కంటికి ఇంపుగా ఉండాలని కోరుకోవడం న్యాయమే. అయితే ఆ ఇంపును కూడా పరీక్షించే పద్ధతులున్నాయి. ప్రకటనల్లో కనిపించే 1.68 కోట్ల రంగులన్న మాట దేన్నీ తేల్చదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 256 మెట్లుంటే, వాటిని గుణిస్తే ఎవరికైనా వచ్చే లెక్క 1,67,77,216. ఆ రంగులు కంటికి ఎలా చేరుతున్నాయన్నదే చూడాలి.

మొదట కీబోర్డు మొత్తాన్ని తెలుపు చేయండి. తెలుపు మూడు రంగుల కలయిక కనుక ఏ రంగు హెచ్చుతగ్గులైనా అక్కడే దొరికిపోతుంది: కొన్నిటిలో తెలుపు నీలంగా ఉంటుంది, కొన్నిటిలో గులాబీ ఛాయ తేలుతుంది. అన్ని కీలూ ఒకే తెలుపులో ఉన్నాయా, మూలల్లో మారుతోందా అని గది చీకటి చేసి చూడండి. తర్వాత పసుపు, నారింజ పెట్టండి. ఆకుపచ్చ ఎక్కువైన కీబోర్డులో పసుపు నిమ్మకాయ రంగులోకి జారుతుంది, నారింజ పసుపులాగే కనిపిస్తుంది. ఆ తర్వాత వెలుతురును అన్నిటికంటే తక్కువ మెట్టుకు తెచ్చి, ఊపిరి తీసినట్టు పెరిగి తగ్గే ఎఫెక్ట్ పెట్టండి. నాణ్యమైన అమరికలో వెలుగు మెత్తగా ఆరుతుంది. లేనిదానిలో మెట్లు మెట్లుగా దిగి ఒక్కసారిగా ఆరిపోతుంది.

తెలుపుకు సంబంధించి ఇంకో సంగతి ఉంది. మూడు రంగులున్న ఒక మామూలు ఎల్‌ఈడీ పూర్తి తెలుపులో వెలగాలంటే రంగుకు 20 చొప్పున 60 మిల్లీయాంప్‌ల విద్యుత్తు కోరవచ్చు. 104 కీలకు ఆ లెక్కన 6 యాంప్‌లు దాటుతుంది, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేదేమో 500 మిల్లీయాంప్‌లు. అందుకే ఎల్‌ఈడీలను వంతులవారీగా చాలా వేగంగా వెలిగించి ఆర్పుతూ, వెలుతురుకు పరిమితి పెడతారు. ఎరుపు ఒక్కటే పూర్తి వెలుతురులో ఎలా ఉందో, తెలుపు ఎలా ఉందో పోల్చి, తెలుపులో వెలుగు ఎంత తగ్గిందో రాయండి. ఫొటోల్లో నల్లటి చారలు పడేది కూడా ఈ ఆరి వెలగడం వల్లనే. షట్టర్ వేగం తగ్గిస్తే చారలు పోతాయి. ఫోన్‌ను ఆటోలో వదిలేస్తే అది ఎల్‌ఈడీల మధ్యభాగాన్ని తెల్లగా మాడ్చేసి, రంగులను తనకు తోచినట్టు దిద్దుతుంది కనుక, వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ రెండూ స్థిరంగా పెట్టి తీయండి. మీ కంటికి కనిపించినదానికి ఫొటో భిన్నంగా వస్తే ఆ మాట ఫొటో కిందే చెప్పండి.

ఎల్‌ఈడీ స్విచ్‌కు ఏ వైపున ఉందో కీ మీది ప్లాస్టిక్ తొడుగును, అంటే కీక్యాప్‌ను, ఊడదీసి చూడాలి. పైవైపున, అంటే తెరకు దగ్గరగా ఉంటే కీ మీది పై అక్షరం బాగా వెలుగుతుంది గాని, అదే కీ కింది భాగంలో అచ్చయిన గుర్తులు చీకట్లోనే ఉండిపోతాయి. మనవైపున ఉంటే అక్షరాలు మసకగా కనిపిస్తాయి, కానీ చెర్రీ ప్రొఫైల్ అనే పొట్టి ఆకారపు కీక్యాప్‌లు మార్చుకునేవారికి అవి స్విచ్‌కు తగులుకోవు. ఎవరికి ఏది కావాలో వారే తేల్చుకుంటారు; మీరు ఏది ఉందో చెబితే చాలు. కీక్యాప్ ప్లాస్టిక్ సంగతీ ఇక్కడే రాయండి: ఏబీఎస్ కొన్నాళ్లకు వేళ్ల జిడ్డుకు, రాపిడికి నున్నబడి మెరుస్తుంది, పీబీటీ దానికంటే ఎక్కువకాలం గరుకుగా నిలుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడానికి ఒక నికరమైన దారి ఉంది. మీకు నచ్చిన రంగులు, మాక్రోలు (ఒక్క కీతో వరుసగా నడిచే నొక్కుళ్లు) అమర్చి కీబోర్డులో దాచండి. తర్వాత దాన్ని తీసి, ఆ సాఫ్ట్‌వేర్ లేని మరో కంప్యూటర్‌కు తగిలించండి. రంగులు అలాగే వస్తే అవి కీబోర్డు సొంత మెమరీలో ఉన్నాయి. రాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి. కంప్యూటర్‌ను నిద్రపుచ్చినప్పుడు, పూర్తిగా ఆపినప్పుడు లైట్లు ఆరుతున్నాయా అని కూడా చూడండి. పడకగదిలో కంప్యూటర్ ఉన్నవారికి ఇది పెద్ద విషయం. వైర్‌లెస్ కీబోర్డు అయితే లైట్లు వేసి ఎన్ని గంటలు, ఆర్పి ఎన్ని గంటలు నడిచిందో రెండు అంకెలూ ఇవ్వాలి, ఎంత వెలుతురులో కొలిచారో కూడా చెప్పాలి.

రాయడానికి కూర్చున్నప్పుడు కీబోర్డు మీకు ఎలా వచ్చిందో మొదటి పేరాలోనే చెప్పండి: సొంత డబ్బుతో కొన్నారా, తయారీదారు పంపారా, తిరిగి ఇవ్వాలా. ఎన్ని రోజులు వాడారో, ఫర్మ్‌వేర్ వెర్షన్ ఏమిటో, అంతకు ముందు మీ చేతికి అలవాటైన కీబోర్డు ఏదో కూడా అక్కడే ఉండాలి. బరువైన స్విచ్‌లకు అలవాటుపడిన చెయ్యి తేలికైనదాన్ని మొదట తప్పుపడుతుంది. చేతి అనుభవం ముందు, వెలుగు తర్వాత అన్న వరుసనే రాతలోనూ పాటించండి. పదికి ఇన్ని మార్కులు అని వేయడం నాకు ఇష్టం ఉండదు. ఎవరు కొనవచ్చో, ఎవరు వద్దనుకోవచ్చో రెండు వాక్యాల్లో చెప్పడం అంతకంటే ఉపయోగం.

మూడు నెలల తర్వాత అదే కీబోర్డు మీద మళ్లీ నాణేల పరీక్ష, స్పేస్ బార్ పరీక్ష, తెలుపు పరీక్ష చేయండి. ఏ కీ అయినా రెండేసి అక్షరాలు వేస్తోందా, ఏ ఎల్‌ఈడీలోనైనా ఒక రంగు చచ్చిపోయిందా అని చూడండి. దొరికిన మార్పులను పాత వాక్యాలు చెరపకుండా, ఆ సమీక్ష కిందే తేదీ వేసి చేర్చండి.