అప్లికేషన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి: అమెరికా అడ్మిషన్లకు ముందు జాగ్రత్తలు

పోయిన నెల మాకు తెలిసిన ఒక అమ్మాయికి అమెరికా యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది, ఇచ్చిన అడ్మిషన్ రద్దు చేస్తున్నామని. సిఫార్సు లేఖ రాసినట్టు చూపిన ప్రొఫెసర్‌ని వాళ్లు కాలేజీ మెయిల్‌లో నేరుగా అడిగారు. నేనేమీ రాయలేదని ఆయన చెప్పారు. ఆయన పేరుతో ఒక జీమెయిల్ తెరిచి లేఖ పంపింది కన్సల్టెన్సీ వాళ్లు. అమ్మాయికి ఆ సంగతే తెలియదు. మార్కులు తనవే, పరీక్షలూ తనే రాసింది. కానీ అప్లికేషన్ కింద సంతకం తనది.

ఫాల్ (ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలయ్యే సెమిస్టర్) అప్లికేషన్ల హడావుడి మొదలైంది. జీఆర్ఈ ప్రవేశ పరీక్షకి ఎలా చదవాలి, ఏ ఊళ్లో ఖర్చు తక్కువ అన్నవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. అప్లికేషన్ మెయిల్, పాస్‌వర్డ్ ఎవరి చేతికీ ఇవ్వకండి.

చాలా చోట్ల జరిగేది ఇదీ. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో విజయవాడలోనో ఒక ఆఫీసుకు వెళ్తారు. "మీరేం టెన్షన్ పడకండి, అంతా మేం చూసుకుంటాం" అంటారు. మీ పేరుతో కొత్త మెయిల్ తెరుస్తారు, రికవరీ ఫోన్ నంబర్ వాళ్లది పెడతారు. ఇక అక్కడి నుంచి ఏ యూనివర్సిటీకి పంపారు, ఎస్‌ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే వ్యాసంలో) ఏం రాశారు, ఏ సర్టిఫికెట్ పెట్టారు అన్నది మీకు కనపడదు. తమకు కమీషన్ ఇచ్చే యూనివర్సిటీకే మిమ్మల్ని నెట్టి, మంచి చోటు నుంచి వచ్చిన అడ్మిట్‌ను దాచేవాళ్లు ఉన్నారు. మిగతా డబ్బు కడితేనే ఐ20 (వీసాకి కావలసిన యూనివర్సిటీ పత్రం) ఇస్తామని బెదిరించేవాళ్లూ ఉన్నారు. అమ్మానాన్నలకు ఒక మాట. ఇంటి రిజిస్ట్రేషన్ కోసం ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇస్తామా?

కన్సల్టెన్సీకి వెళ్లడం తప్పు కాదు. సలహా అడగండి, ఫీజు కట్టండి. కానీ మెయిల్ మీరే తెరవండి, ప్రతి ఫారం మీరే నింపండి, సబ్మిట్ నొక్కే వేలు మీదే కావాలి.

సిఫార్సు లేఖలు: ప్రొఫెసర్లకు తీరిక ఉండదు, "నువ్వే రాసుకుని రా" అంటారు. మీ ప్రాజెక్టు, మార్కులు, వాళ్ల దగ్గర చదివిన సబ్జెక్టులు ఒక పేజీలో రాసి ఇవ్వండి. లేఖ వాళ్లే రాసి, వాళ్ల కాలేజీ మెయిల్‌కి వచ్చిన లింకులో వాళ్లే అప్‌లోడ్ చేయాలి. రెండు నెలల ముందే అడగండి.

బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు): దాచకండి. నాలుగైదు ఉన్నా తీసుకునే యూనివర్సిటీలు ఉన్నాయి. దిద్దిన మార్కుల మెమో దొరికితే మాత్రం చదువు మధ్యలోనైనా బయటికి పంపేస్తారు. 2024లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో ఒక భారతీయ విద్యార్థి దొంగ పత్రాలతో చేరినట్టు బయటపడింది. మొదట అరెస్టు, తర్వాత కోర్టు, చివరికి ఇండియాకు తిరుగు ప్రయాణం.

ఫండ్స్: ఐ20 కోసం మొదటి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు చూపాలి. ఎవరో నాలుగు రోజుల కోసం మీ ఖాతాలో వేసే డబ్బు వద్దు. వీసా ఇంటర్వ్యూలో మీ నాన్నగారి ఆదాయం ఎంత అని అడిగితే లెక్క కుదరదు. బ్యాంకు ఇచ్చిన ఎడ్యుకేషన్ లోన్ మంజూరు పత్రాన్ని యూనివర్సిటీలు మామూలుగానే ఒప్పుకుంటాయి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అక్కడి చట్టంలో మామూలు తిరస్కరణ వేరు, మోసం వేరు. 214బీ (చదువు అయ్యాక తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదనే మామూలు తిరస్కరణ సెక్షన్) కింద వీసా రాకపోతే మళ్లీ అప్లై చేసుకోవచ్చు. తెలిసి అబద్ధపు సమాచారం ఇచ్చారని రాస్తే ఆ మచ్చకు కాలపరిమితి లేదు. ఎయిర్‌పోర్టు నుంచే తిప్పి పంపుతూ బహిష్కరణ ఉత్తర్వు ఇస్తే మామూలుగా అయిదేళ్లు అడుగు పెట్టలేరు. 2023 ఆగస్టులో అట్లాంటా, చికాగో, శాన్‌ఫ్రాన్సిస్కోల నుంచి 21 మంది భారతీయ విద్యార్థులను వెనక్కి పంపినప్పుడు, వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లేనని వార్తలొచ్చాయి. "కన్సల్టెన్సీ వాళ్లు చేశారు, నాకు తెలియదు" అంటే అక్కడ వినేవాడు లేడు.

ఇంకా గుర్తు పెట్టుకోవాల్సినవి:

యూనివర్సిటీ పేరు అమెరికా ప్రభుత్వ జాబితాలో ఉంది కదా అని ఊరుకోకండి. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వీసా మోసాలు పట్టుకోవడానికి వేసిన వల; దాన్ని నడిపింది అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే, అదీ అప్పట్లో జాబితాలో ఉంది. 2019 జనవరిలో అది బయటపడినప్పుడు అరెస్టయిన వాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. తరగతులు నిజంగా జరుగుతున్నాయా అని అక్కడ చదువుతున్న ఇద్దరిని అడగండి.

క్లాసులుండవు, మొదటి రోజు నుంచే ఉద్యోగం అంటే లేచి వచ్చేయండి.

వీసా దరఖాస్తు ఫారం డీఎస్160 మీరే నింపండి. ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని అందులోనే అడుగుతారు. సాయం తీసుకుంటే అవునని రాయండి.

గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ అందులో రాయాలి. 2025 జూన్ నుంచి వాటిని పబ్లిక్‌లో పెట్టమంటున్నారు. ఇంటర్వ్యూ ముందు రోజు ఖాతా తీసేయకండి.

సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు మీరే కట్టి రసీదు దాచుకోండి.

మీ బదులు పరీక్ష రాస్తామనేవాళ్ల నంబర్ ఫోన్‌లో కూడా ఉంచుకోకండి.

చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ లెటర్ వద్దు.

ఒరిజినల్ మెమోలు, పాస్‌పోర్టు ఎవరి దగ్గరా వదలకండి.

సబ్మిట్ చేసిన ప్రతి అప్లికేషన్‌నూ పీడీఎఫ్‌గా దించి, ఇంటర్వ్యూకి ముందు మళ్లీ చదవండి.

పాస్‌వర్డ్ ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రోజే మార్చండి. రికవరీ నంబర్ కూడా మార్చండి. వాళ్లు పంపిన ఫైళ్లన్నీ తెరిచి చూడండి. మీది కాని కాగితం ఒక్కటి కనిపించినా, ఆ యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసుకు మీరే రాసి అప్లికేషన్ వెనక్కి తీసుకోండి.