రెవిట్‌లో తలుపు కట్టే పద్ధతి: ద్వారబంధం వేరు, రెక్క వేరు

తిరుపతి కరకంబాడి రోడ్డులో ఒక లాడ్జి. పదకొండు బాత్రూములకు ద్వారబంధాలు దిగినాయి. అప్పుడే పనిలో చేరిన నేను రెవిట్ (భవనాలను కంప్యూటర్‌లో మోడల్ చేసే సాఫ్ట్‌వేర్) షెడ్యూల్‌ను, అంటే తలుపుల కొలతల పట్టికను, ఉన్నదున్నట్టు ప్రింటు తీసి సైటుకు పంపించాను. వెడల్పు 762 అని ఉంది, అంటే రెండున్నర అడుగులు. మనిషి నడిచే జాగా అంత ఉండాలని నా ఉద్దేశం. ఆచారి దాన్ని ద్వారబంధం బయటి కొలతగా తీసుకున్నాడు. మా వైపు వడ్రంగులూ మేస్త్రీలూ అందరూ అట్లే తీసుకుంటారు. రెండు పక్కలా రెండున్నర అంగుళాల కొయ్య పోగా లోపల మిగిలింది 635 మిల్లీమీటర్లు. కొండకు వచ్చిన ముసలివాళ్ళను ఒకరు చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోవాల్సిన గుమ్మం అది.

"ఏమ్మా, నువ్వు రాసింది లోపలి లెక్కా, బయటి లెక్కా?" అని ఆచారి అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను చేసిన ఫ్యామిలీలోనూ, అంటే రెవిట్‌లో తలుపుకు చేసుకునే నమూనాలోనూ, లేదు. పదకొండూ ఊడదీసి మళ్ళీ చేయించారు.

అందుకే తలుపు ఫ్యామిలీ మొదలుపెట్టేవాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే. గీత గీయకముందే 'వెడల్పు' అంటే ఏ కొలతో తేల్చుకోండి. మెట్రిక్ డోర్ టెంప్లేట్ తెరిస్తే గోడలో రంధ్రం ముందే ఉంటుంది, దాని అంచులు విడ్త్ (వెడల్పు), హైట్ (ఎత్తు) అనే పారామీటర్లకు, అంటే మార్చగలిగే కొలతలకు, కట్టి ఉంటాయి. నేను ఆ రెంటినీ ద్వారబంధం బయటి కొలతగానే వాడతాను. గోడలో వదిలే ఖాళీ అదే, మేస్త్రీ అడిగేదీ అదే. టెంప్లేటుతో వచ్చే ఫ్రేమ్ పట్టీలు మన కొయ్య పనికి సరిపోవు, తీసేయండి. ఆ కొలతలకు ఆధారంగా ఉండే రిఫరెన్స్ ప్లేన్లను మాత్రం ముట్టుకోవద్దు.

రెక్క కొలత చేత్తో టైపు చేయకూడదు, ఫార్ములాతో రావాలి. బయటి వెడల్పులోంచి రెండు కొయ్యల మందం తీసి, రెక్క కూర్చునే గాడిని రెండు వైపులా కలిపి, సందు రెండు వైపులా తీసేయాలి. మూడున్నర అడుగుల తలవాకిలికి మూడంగుళాల కొయ్య, 12 మిల్లీమీటర్ల గాడి, 3 మిల్లీమీటర్ల సందు అనుకుంటే 1067 − 152 + 24 − 6, అంటే 933. నడిచే జాగాకు ఇంకో పారామీటర్ పెట్టండి: బయటి వెడల్పులోంచి రెండు కొయ్యలు తీసేస్తే వచ్చేది, ఇక్కడ 915. ఆ ఒక్క పారామీటర్ అప్పుడు నా ఫ్యామిలీలో ఉండి ఉంటే 635 అనే అంకె నా కళ్ళ ముందే కనిపించేది.

ఇక తలుపును ఎక్కడ విడదీయాలి? మన ఇళ్ళు కట్టే వరసే దారి చూపిస్తుంది. ముహూర్తం చూసి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి ద్వారబంధం ఎత్తుతాం. గోడ దాని చుట్టూ లేస్తుంది. రెక్క వచ్చేది నెలల తర్వాత, పూత పని అయినాక. ఈలోపు యజమాని టేకు వద్దు ఫ్లష్ డోర్ చాలంటాడు, లేదా ఫ్లష్ వద్దు టేకే కావాలంటాడు. ద్వారబంధం గోడ సొత్తు, రెక్క మారే సరుకు. కాబట్టి కొయ్యను, గడపను ప్రధాన ఫ్యామిలీలోనే గీయండి. రెక్కను విడి ఫ్యామిలీగా చేసి లోపలికి తెచ్చుకోండి. గడపకు అవును-కాదు పారామీటర్ ఒకటి పెట్టి, గడప ఆకారం విజిబుల్ లక్షణాన్ని దానికి కట్టాలి. రెక్క ఎత్తు ఫార్ములాలో కూడా ఇఫ్ షరతుగా అదే వాడండి, లేకపోతే బాత్రూమ్ రెక్క కింద గడపంత ఖాళీ వేలాడుతుంది.

లోపలికి తెచ్చిన రెక్కను లేబుల్ గడిలో ఫ్యామిలీ టైప్ పారామీటర్‌కు (ఏ రెక్క కావాలో ఎంచే పారామీటర్) కడితే ఫ్లష్ నుంచి ప్యానెల్‌కు ఒక క్లిక్కుతో మారుతుంది. ఇక్కడే చాలామందికి పని చెడుతుంది. రెక్క ఫ్యామిలీలో వెడల్పు, ఎత్తు, మందం టైప్ పారామీటర్లుగా (ఆ రకం రెక్కలన్నింటికీ ఒకే విలువ) ఉంటే రెక్క మార్చగానే ప్రధాన ఫ్యామిలీతో లంకె తెగిపోతుంది. కొత్త రెక్క తన పాత సైజులో వచ్చి నిలబడుతుంది. వాటిని ఇన్‌స్టెన్స్ పారామీటర్లుగా (ఒక్కో రెక్కకు విడి విలువ) చేయండి, అన్ని రెక్కల్లోనూ అవే పేర్లు పెట్టండి.

రెక్క కేటగిరీ డోర్స్ అయితే షేర్డ్ గడిలో (లోపలి ఫ్యామిలీని షెడ్యూల్‌లో విడిగా లెక్కపెట్టించేది) టిక్కు పెట్టకండి. పెడితే షెడ్యూల్ ప్రతి తలుపునూ రెండుసార్లు లెక్కపెడుతుంది. మా ఇళ్ళవాళ్ళు గుమ్మాలు సరిసంఖ్యలో ఉన్నాయా అని తప్పకుండా చూసుకుంటారు. తొమ్మిది గుమ్మాల ఇంటికి షెడ్యూల్ పద్దెనిమిది చూపిస్తే, సరిసంఖ్యే కదా అని అందరూ తలూపేస్తారు. షేర్డ్ పెట్టాల్సింది తాళం, గొళ్ళెం లాంటి విడిగా కొనే సామానుకు, అదీ వేరే కేటగిరీలో.

కుడి చేతి తలుపు, ఎడమ చేతి తలుపు అని రెండు టైపులు చేయకండి, ఫ్లిప్ కంట్రోల్ దానికే ఉంది. ప్లానులో తెరిచిన రెక్కను, వంపు గీతను సింబాలిక్ లైన్లతో ప్లాన్ స్వింగ్ ఉపకేటగిరీలో గీసి, ఘనాకారపు రెక్కను ప్లానులో కనిపించకుండా చేయండి.

మా ఊళ్ళో తలవాకిలి మీద శంఖు చక్ర నామాలు చెక్కించుకునేవాళ్ళు చాలామంది. ఆ చెక్కడాన్ని ఘనాకారంగా మోడల్ చేయాలని మనసు లాగుతుంది. నాకూ లాగింది, చేశాను కూడా. ఫైలు బరువెక్కి ప్రతి వ్యూ తెరుచుకోవడం ఆలస్యమైంది. ఇప్పుడు సాదా ప్యానెల్ గీసి, చెక్కడం బొమ్మను మెటీరియల్‌లో పెడతాను. ప్యానెల్ అంచుల పట్టీలు ఫైన్ (ఎక్కువ వివరం చూపే) స్థాయిలో మాత్రమే కనిపిస్తాయి.

ప్రాజెక్టులోకి లోడ్ చేసేముందు ఫ్యామిలీని సాగదీసి చూడాలి. వెడల్పు 600 పెట్టండి, 1220 పెట్టండి, గడప తీయండి, పెట్టండి, అన్ని రెక్కలూ మార్చి చూడండి. తర్వాత ఖాళీ ప్రాజెక్టులో నాలుగున్నర అంగుళాల గోడ ఒకటి, తొమ్మిది అంగుళాల గోడ ఒకటి గీసి రెంటిలోనూ నిలబెట్టండి. టైపులు మరీ ఎక్కువైతే ఫ్యామిలీ పేరుతోనే ఒక టెక్స్ట్ ఫైలు పక్కన ఉంచి టైప్ కేటలాగ్ (కావాల్సిన టైపులనే ఎంచి లోడ్ చేసే జాబితా) చేసుకోవచ్చు.

ఇప్పుడు ఆచారికి పంపే కాగితంలో మూడు నిలువు గడులు ఉంటాయి: ద్వారబంధం బయటికి, నడిచే జాగా, రెక్క. మిల్లీమీటర్ల పక్కనే అడుగులు, అంగుళాలు రాస్తాను. మొదటి గడి కొయ్య కోసే రోజుకు, మూడోది రెక్కలు చేయించే రోజుకు. నడిమి గడిని ఇంటి యజమాని చేతిలో టేపు పెట్టి, వాళ్ళ అమ్మానాన్నలు నడిచే తీరు చూసి, నేనే దగ్గరుండి ఖాయం చేయిస్తాను.