సోలార్ గ్రాంట్ కావాలా? సంతకం పెట్టేముందు చేయాల్సిన పనులు

వ్యాపార సంస్థకో, ట్రస్టుకో సోలార్ గ్రాంట్ చేజారిందంటే చాలాసార్లు తప్పు దరఖాస్తులో ఉండదు, పనులు చేసిన వరుసలో ఉంటుంది. మంజూరు పత్రం రాకముందే కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇచ్చేస్తారు. చాలా పథకాల్లో ఆ రోజుతోనే పని మొదలైనట్టు లెక్క, మొదలైన పనికి గ్రాంట్ రాదు. మా సాయం లేకుండానే కొనగలిగినవారికి మా సాయమెందుకు అన్నది ప్రభుత్వం వాదన. కాబట్టి సర్వే చేయించుకోండి, కొటేషన్లు తీసుకోండి, పర్చేజ్ ఆర్డర్ మీద మాత్రం సంతకం పెట్టకండి.

అర్హత ముందే తేల్చుకోండి

పథకం మార్గదర్శకాల్లో మొదట చూడాల్సింది గ్రాంట్ శాతం కాదు. ఎవరు అర్హులు, ఏ ఖర్చులు లెక్కలోకి వస్తాయి, మరో రాయితీతో కలిపి తీసుకోవచ్చా, ప్లాంటును ఎన్నేళ్లపాటు అమ్మకుండా, కదపకుండా ఉంచాలి అన్నవి చూడండి. అద్దె భవనమైతే యజమాని రాతపూర్వక అనుమతి కావాలి, లీజు గడువు ఆ నిర్బంధ కాలం కంటే ఎక్కువ మిగిలి ఉండాలి. లాభాపేక్ష లేని సంస్థలకు రిజిస్ట్రేషన్, ఆడిట్ లెక్కలతో పాటు పాలకవర్గ తీర్మానం కూడా అడుగుతారు. సమావేశం మూడు నెలలకోసారి జరిగే సంస్థలో ఈ ఒక్క కాగితం కోసమే గడువు దాటిపోగలదు. అన్నిటికన్నా ముందు దాని సంగతి చూడండి.

ఎన్ని కిలోవాట్లు?

గ్రాంట్ పరిమితి ఎంతుందో చూసి అంత ప్లాంటు పెట్టడం పెద్ద పొరపాటు. 12 నెలల కరెంటు బిల్లులు ముందు పెట్టుకోండి. స్మార్ట్ మీటరు ఉంటే 15 లేదా 30 నిమిషాలకోసారి నమోదైన వాడకం వివరాలు కూడా తీసుకోండి. ఏడాది సగటున రోజుకు 5 గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుగు పడే చోట 1 కిలోవాట్ ఇచ్చేది 5 × 365 × 0.78, అంటే సుమారు 1,420 యూనిట్లు. ఆ 0.78 ఎందుకంటే వేడి, దుమ్ము, వైర్లు, ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టరు కలిసి మిగతాది తినేస్తాయి. ఈ లెక్కన 20 కిలోవాట్లకు ఏటా 28,400 యూనిట్లు.

అందులో మీరు వాడుకునేదెంత? వారానికి రెండు రోజులు మూసి ఉండే ఆఫీసులో దాదాపు 29 శాతం ఉత్పత్తి ఆ సెలవురోజుల్లోనే వస్తుంది. అది గ్రిడ్‌కు పోతుంది, దానికిచ్చే ధర చాలాచోట్ల మీరు కొనే ధరకన్నా తక్కువ. వేసవంతా మూతపడే బడులకు ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. పీవీజీఐఎస్, పీవీవాట్స్ అనే ఉచిత ఆన్‌లైన్ సాధనాల్లో మీ స్థలానికి అంచనా తీసి దరఖాస్తుకు జతచేయండి. దరఖాస్తు పరిశీలకుడు కాంట్రాక్టరు చెప్పిన అంకెను దీనితో పోల్చి చూసుకోగలుగుతాడు.

పైకప్పు

ప్యానెళ్లకే కిలోవాట్‌కు సుమారు 5 చదరపు మీటర్లు కావాలి. చదును డాబా మీద నడకదారి, వరుసల మధ్య ఖాళీ కలిపితే 8 నుంచి 10 వరకూ పోతుంది. ఫ్రేముతో కలిపి బరువు చదరపు మీటరుకు 12–15 కిలోలు ఉంటుంది. రంధ్రాలు చేయకుండా కాంక్రీటు దిమ్మెలతో నిలబెడితే ఇంకా పెరుగుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు ధ్రువపత్రం లేకుండా ముందుకెళ్లకండి. కప్పు పదేళ్లు నిలిచేలా లేకపోతే ముందు అదే బాగుచేయించండి, ఆ ఖర్చు సాధారణంగా గ్రాంట్‌లోకి రాదు. ట్యాంకులు, చెట్ల నీడ ఎటు పడుతోందో ఉదయం 9, మధ్యాహ్నం 12, 3 గంటలకు ఫొటోలు తీసి ఉంచండి.

కొటేషన్లు

మూడు కొటేషన్లూ ఒకే స్పెసిఫికేషన్ మీద ఉండాలి, లేకపోతే పోలికే కుదరదు. ప్యానెళ్లకు ఐఈసీ 61215 (మన్నిక, పనితీరు), ఐఈసీ 61730 (భద్రత) అనే అంతర్జాతీయ ప్రమాణాల ధ్రువపత్రాలు అడగండి. జనరేటరు ఉన్నచోట రివర్స్ పవర్ రక్షణ రాయించండి. లోడు తక్కువగా ఉన్నప్పుడు సోలార్ కరెంటు జనరేటరులోకి ఎదురు పోయి దాన్ని పాడుచేస్తుంది. కొటేషన్లలో తరచూ మరచిపోయేది ఇదే. గ్రిడ్ అనుసంధానం దరఖాస్తు కూడా ఈ దశలోనే పెట్టండి, ఆలస్యమంతా ఎక్కువగా అక్కడే.

డబ్బు ఎప్పుడు వస్తుంది?

ఎక్కువ పథకాల్లో ముందు మీరు ఖర్చుపెట్టాలి, ప్లాంటు నడిచాక తిరిగిస్తారు. శాతం కూడా మొత్తం ఖర్చు మీద లెక్కించరు. ఖర్చు 100, అందులో అనర్హమైనది 15 అనుకుంటే, 40 శాతం గ్రాంట్ 85 మీదే, అంటే 34. మీ వాటా 60 కాదు, 66. ఏటా 16 ఆదా అయితే గ్రాంట్ లేకుండా 6.25 ఏళ్లు పట్టే పెట్టుబడి వసూలు నాలుగేళ్లకు కాస్త పైన ముగుస్తుంది. ఆలోగా 100 ఎక్కణ్నుంచి తెస్తారో చూపే బ్యాంకు లేఖ దరఖాస్తుతో పెట్టండి.

మంజూరయ్యాక

ప్యానెల్ మోడల్ మారినా రాతపూర్వక ఆమోదం తీసుకోండి. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే జరగాలి. బిల్లు దరఖాస్తుదారు పేరునే ఉండాలి. ట్రస్టు దరఖాస్తు పెట్టి బడి పేరున బిల్లు తీసుకుంటే చెల్లింపు ఆగుతుంది. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు బిగించకముందే ఫొటో తీయండి, పైకి ఎక్కాక వెనకవైపు కనిపించదు. బిగింపు పూర్తయ్యాక చేయాల్సిన పరీక్షల ప్రమాణం ఐఈసీ 62446-1 ప్రకారం నివేదిక ఇచ్చాకే కాంట్రాక్టరుకు చివరి విడత ఇవ్వండి. ఉత్పత్తి వివరాలు చూపే యాప్ లాగిన్ కాంట్రాక్టరు ఈమెయిల్‌తో కాకుండా సంస్థ ఈమెయిల్‌తోనే తెరిపించండి. రెండేళ్ల తర్వాత ప్రభుత్వం నివేదిక అడిగినప్పుడు ఆ కాంట్రాక్టరు ఫోను ఎత్తకపోవచ్చు.