ఓడలో ఉమ్మడి భోజనబల్ల వద్ద పాటించవలసిన మర్యాదలు

క్రూయిజ్‌లో స్థిర భోజన సమయాన్ని ఎంచుకున్నవారికి సాధారణంగా ప్రయాణమంతా అదే బల్ల, అదే సహభోజనులు ఉంటారు కాబట్టి, మొదటి రాత్రే పేరు చెప్పి పరిచయం చేసుకోవాలి. ఒంటరిగా వచ్చినవారిని మాటకారులైన ఇద్దరి మధ్య కూర్చోబెట్టడం, నా దృష్టిలో, అన్నిటికన్నా గొప్ప మర్యాద. రోజూ కిటికీ వైపు కుర్చీనే పట్టుకోకుండా స్థానాలు మార్చుకుంటే, 8 మంది బల్ల వద్ద ఎదుటి కొసన ఉన్నవారితోనూ మాట కలుస్తుంది. ఎడమవైపు బ్రెడ్ పళ్లెం, కుడివైపు గ్లాసులు మనవి. ఒకరు పొరపడి పక్కవారి పళ్లెం అందుకుంటే బల్ల చుట్టూ వరుస తప్పుతుంది.

ఆలస్యంగా వెళితే తోటివారి వడ్డన ఆగిపోవచ్చు. రాలేని రోజున ముందుగానే తెలియజేయాలి. బల్ల నచ్చకపోతే సహభోజనుల ఎదుట కాక, భోజనశాల పర్యవేక్షకుణ్ణి విడిగా కలిసి, వీలైనంత త్వరగా మార్పు కోరాలి.