వేసవిలో స్కై ద్వీపానికి వెళ్లే ముందు

స్కాట్లాండ్‌లోని స్కై ద్వీపంలో కూలిన్ పర్వతాల అత్యధిక ఎత్తు 992 మీటర్లే అయినా, సముద్రం మీది మబ్బు చూస్తుండగానే కమ్మేస్తుంది, అక్కడి శిలల అయస్కాంత గుణం వల్ల దిక్సూచి తప్పు చూపుతుంది. కాబట్టి అనుభవమున్న గైడ్ లేనిదే శిఖరాల జోలికి పోవద్దని గట్టిగా చెబుతున్నాను.

జూన్ నుంచి ఆగస్టు వరకు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్లు (గదితో పాటు ఉదయం ఫలహారం ఇచ్చే బస ఇళ్లు) ముందే నిండిపోతాయి కనుక, గది ఖాయం కానిదే బయలుదేరకండి.

ప్రధాన భూభాగంలోని మల్లైగ్ నుంచి స్కైలోని ఆర్మడేల్‌కు వెళ్లే ఫెర్రీలో కారుకు చోటు ముందుగానే బుక్ చేసుకోండి.

ఇరుకు రోడ్లపై ఎదురు వాహనానికి దారి ఇచ్చేందుకు వదిలిన చోట్లలో కారు నిలపకండి, అంబులెన్సుకూ అదే దారి.

శాకాహారులు ఆ సంగతి ముందే బస ఇంటివారికి తెలపాలి. ఉదయం వడ్డించే బ్లాక్ పుడ్డింగ్ అనే సాసేజ్‌లో జంతురక్తం ఉంటుంది.